పెండ్లిపందిరిలో గజదొంగ

మన తెలుగు ఇండ్లలో ఆడపిల్లకు పెండ్లియీడు రాగానే రుక్మిణీకల్యాణము చదివించే ఆచారము కలదు. పోతనగారి భాగవతములోని ఆ ఘట్టమును నియమముతో పారాయణ చేసిన పిల్లకు మంచి వరుడు దొరకునని పెద్దల నమ్మకము. నేనును చదివినాను, నా తరువాతివారును చదివినారు. కాని చదివించిన పెద్దలు ఆ కథలో ఏమున్నదో ఎన్నడైనా నిదానించి చూచినారా అని నాకు సందేహము కలుగుతూ ఉంటుంది. అన్నగారు నిశ్చయించిన సంబంధము, ఊరంతా తోరణములు, విడిదిలో పెండ్లివారు. అట్టి సమయమున కన్య ఒక బ్రాహ్మణునిచేత రహస్యముగా కబురంపి, తాను కోరినవాని రథమెక్కి వెళ్ళిపోయినది. ఇదియే గదా కథ! నిశ్చయమైన పెండ్లి చెడిపోయిన కథను, పెండ్లి కుదురుట కొరకు భక్తితో చదివించుచున్నాము. ఇందులో తప్పు పట్టవలసినది ఏమియు లేదు. ఆ కథ మన ఆడవారికి ఎందుకు అంత ప్రియమైనదో ఆలోచించినప్పుడు, తరువాతి కాలమున వచ్చిన చారిత్రక నవలలపై వారికి గల మక్కువ కూడ కొంత అర్థమగునని మాత్రమే నా మనవి.

ఆ మధ్య మన సమాజ సభలో పుస్తకముల ప్రసంగము వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి నవ్వుతూ, "ఆడవారికి కథలలో మంచివాడు పనికిరాడమ్మా! దొంగయో, దుడుకువాడో, చెడ్డపేరు మోసినవాడో కావలెను" అన్నారు. సభలో అందరును నవ్వినారు, నేనును నవ్వినాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట మనసులో మెదలుతూనే ఉన్నది. మాట పూర్తిగా అబద్ధము కాదు. అయితే చెడ్డతనము మీద మోజు అని దానికి చెప్పే కారణము మాత్రము తప్పు. ఈ సంగతి నాకు పుస్తకముల వలన గాక మా మేనత్త వలన తెలిసినది.

కాడుగోడి ఇప్పుడు అందరికి తెలిసిన పేరు. 2023లో మెట్రో రైలు వచ్చి, ఆ దారి చివరి స్టేషనుకు వైట్‌ఫీల్డ్‌తోపాటు కాడుగోడి పేరు కూడ పెట్టినారు. నేను చెప్పేది అంతకు అర్ధశతాబ్దమునకు పూర్వపు మాట. అప్పుడు మాకు రైలుగేటు, చెరువు, రాగిచేలు, హోసకోట సంత, ఇంతే ప్రపంచము. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడము, బడిలో కన్నడమే. తెలుగు మాటాడని వారు మా వీధిలో తక్కువ. తెలుగు అక్షరములు వచ్చినవారు అంతకంటె తక్కువ. మా నాయనమ్మ మదనపల్లె వైపు నుండి వచ్చినది గనుక ఆమెకు చదువు వచ్చును, ఆమె తన పెద్దకూతురికి, అనగా మా మేనత్తకు, నేర్పినది. అందువలన వీధి ఆడవారందరికిని మా అత్తయే కండ్లు.

మార్గశిర పుష్యములలో అనపకాయల కాలము వచ్చినప్పుడు మధ్యాహ్నము పడసాలలో నలుగురైదుగురు చేరేవారు. నీళ్ళలో నానిన గింజలను వ్రేళ్ళ నడుమ నొక్కి పితుకుపప్పు తీయుట చేతికి పని గాని చెవికి కాదు. మా అత్త మాత్రము పప్పు ముట్టక, గోడకు ఆనుకొని చదివేది. మా చిన్నాయన ఎప్పుడో గుంటూరు నుండి తెచ్చిన, అట్ట ఊడిన పుస్తకములు నాలుగు ఉండేవి. వానిలో ఎక్కువ నలిగినది అడవి బాపిరాజుగారి "గోన గన్నారెడ్డి". కన్నడములో కాడు అనగా అడవియే గనుక, కాడుగోడిలో అడవివారి పుస్తకము చదువుట న్యాయమే అని మా నాయన హాస్యమాడేవాడు.

ఈ నవలను చదివినవారు ఇప్పుడు తక్కువైనారు గనుక కొంచెము చెప్పవలెను. బాపిరాజుగారు 1895లో జన్మించి 1952లో కాలధర్మము చెందినారు. కవి, చిత్రకారుడు, న్యాయవాది, బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షుడు, హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకుడు. వారి "నారాయణరావు" 1934లో విశ్వనాథవారి "వేయిపడగలు"తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. "గోన గన్నారెడ్డి" 1940ల నాటి రచన. కథ రుద్రమదేవి కాలమున జరుగుతుంది. ఆదవోని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబికకు గోన వరదారెడ్డితో పెండ్లి. ముహూర్తము సమీపించుచున్నది. అంతలో గజదొంగ యని దేశమంతట పేరు మోసిన గన్నారెడ్డి వచ్చి పెండ్లికొడుకును ఎత్తుకొనిపోయినాడు. వధువును కాదు సుమా, వరుని! వరుడు తన పినతండ్రి కొడుకే. ఈ గన్నారెడ్డి నిజమునకు దొంగ కాడనియు, రుద్రమదేవి సింహాసనమును కాపాడుటకే ఆ చెడ్డపేరును ధరించినాడనియు మనకు క్రమముగా తెలియవచ్చును. అన్నాంబిక పుట్టింటను విడిచి రుద్రమదేవి ఆశ్రయమునకు చేరినది, ఆ దొంగనే ప్రేమించినది.

చిత్రకారుడు వ్రాసిన నవల గనుక కోటలు, నగలు, ఉత్తరీయముల అంచులు, గుఱ్ఱముల నడకలు అన్నియు రంగులతో కనబడతవి. వర్ణనలు మితిమీరినచోట మా అత్త నిస్సంకోచముగా నాలుగు పుటలు త్రిప్పివేసేది. కాని పందిరి ఘట్టమును మాత్రము ఎన్నడును దాటవేయలేదు. ఒక్కొక్కప్పుడు కథ ఎక్కడ ఆగినదో మరచి, అక్కడి నుండియే మరల మొదలుపెట్టమని అడిగేవారు. పెండ్లికొడుకు లేడని తెలిసి పెండ్లివారందరును కలవరపడే చోట పడసాలలో ఎట్టి నవ్వు లేచేదో నాకు ఇప్పటికిని చెవిలో ఉన్నది. అది హాస్యకథకు నవ్వే నవ్వు కాదు. ఒకరి ముఖము ఒకరు చూచుకొనక నవ్వేవారు. ఒకనాడు ఆ నవ్వు తగ్గిన తరువాత మా అత్త పుస్తకములో వ్రేలు ఉంచి మూసి, "మన పందిట్లోకి ఒక్క దొంగా రాలేదు గదే!" అన్నది. ఎవరును మారు పలుకలేదు. గింజలు పితికే చప్పుడే వినబడినది.

అప్పుడు నాకు పదేండ్లు. ఆ మాట అర్థము కాలేదు. మా మామయ్య దుర్మార్గుడై ఉంటే అర్థమయ్యేదేమో. ఆయన మంచివాడు. పదిమంది విచారించి, వేలు పెట్టి చూపించుటకు వీలులేని వరుడని నిర్ణయించి, పదమూడేండ్ల పిల్లను ఇచ్చినారు. ఆయన త్రాగలేదు, జూదమాడలేదు, ఇంటి మీదికి అప్పులవాడు రాలేదు. నలుబది ఏండ్ల కాపురములో, ఆమెకు ఏమి కావలెనో ఒక్కనాడును అడుగలేదు. అడుగవలెనని ఆయనకు తోచలేదు, అంతే. ఆమె కష్టము చెప్పుకొనుటకు ఒక తప్పు ఉండవలెను గదా. నిష్కళంకుడైన భర్తమీద ఎవరితో ఏమని చెప్పుకొనగలదు? పుట్టింటివారు సైతము "నీకేమి తక్కువే?" అనేవారు. తక్కువ ఏమియు లేదు గనుక ఆమె నోరు మూసుకొన్నది, పుస్తకము తెరచినది.

ఆ పందిరి ఘట్టములో ఆమెకు దొరికినది ఏమో నేను ఇప్పుడు ఇట్లు అనుకొంటున్నాను. ఇష్టము లేని పెండ్లి ఆగిపోయినది. కాని అన్నాంబిక వద్దనలేదు, తండ్రి మాట కాదనలేదు, గడప దాటలేదు. పెండ్లి చెడగొట్టినవాడు దొంగ. నింద దొంగది, పాపము దొంగది, పిల్ల మీద మాట లేదు. మంచివాడైన నాయకుడు ఈ పని చేయలేడు. మంచివాడు పెద్దలను ఒప్పించును, ముహూర్తమును గౌరవించును, తాంబూలము తీసుకొని ఇంటికి పోవును. వద్దనుటకు నోరులేని పిల్ల పక్షమున వద్దనగలవాడు, అంతకు ముందే పేరు చెడినవాడై ఉండవలెను. మా వీధి ఆడవారు కోరినది ఆ చెడ్డతనమును కాదు. తమకు బదులుగా నిందను మోసిపోయే భుజము కావలసి వచ్చినది. రుక్మిణి మాత్రము ఇంతకంటె ధైర్యశాలి. కబురు తానే పంపినది. కాని అవతలివాడు దేవుడు గనుక ఆమెకు చెల్లినది.

నిజముగా చెడినవానిని మన కవులు ఎరుగకపోలేదు. అలంకారికులు శృంగారనాయకులను అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నాలుగు తెగలు చేసినారు. పట్టుబడియు సిగ్గుపడనివాడు ధృష్టుడు, చాటున మోసగించువాడు శఠుడు. తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యములోని నిగమశర్మ అట్టివాడు. వేదము చదివిన ఇంట పుట్టి, వేశ్యాలోలుడై, బుద్ధి చెప్పుటకు వచ్చిన అక్క నగలను సైతము ఒకనాటి రాత్రి మూటగట్టి పారిపోయినాడు. తెల్లవారి ఆ యక్క తన క్రొత్త ముక్కెర కొరకు ఏడ్చిన ఏడ్పు తెలుగు సాహిత్యములో ప్రసిద్ధము. ఈ కథను మా అత్త వినిపించినప్పుడు ఎవరును నిగమశర్మను చూచి ముచ్చటపడలేదు. అందరును ముక్కెరను గురించియే మాటాడుకొన్నారు. గిరీశమును చూచి నవ్వని తెలుగువాడు లేడు గాని, గురజాడవారు బుచ్చమ్మను అతనికి కట్టబెట్టలేదు. మన ఇండ్లలో లంపటుడు ఎవరికిని కలలోని నాయకుడు కాడు. ఒకడు చెడినచో ఇంటి ఆడవారి మెడలు బోసిపోవునని అందరికిని తెలియును. అందుకే బాపిరాజుగారు తమ నాయకునికి దొంగ యను పేరు పెట్టినారే గాని విటుడను పేరు పెట్టలేదు. స్త్రీల విషయమున గన్నారెడ్డి అచ్చమైన అనుకూలనాయకుడు.

ఇంగ్లీషువారి దారి వేరు. వారి చారిత్రక ప్రణయ నవలలలో నాయకునికి స్త్రీలోలుడను పేరే పెట్టుబడి. ఈ సంగతి నాకు మా తమ్ముని కూతురు వలన తెలిసినది. ఈ పిల్ల వైట్‌ఫీల్డులో ఉద్యోగము చేయుచున్నది. తెలుగు చక్కగా మాటాడును, చదవలేదు. దాని చేతిఫోనులో ఇంగ్లండు ప్రభువుల ప్రణయకథలు ఎన్నియో ఉన్నవి. అడిగితే చెప్పినది: "అందరూ ఒకటే అత్తా! డ్యూకు చెడ్డవాడు, ఊరంతా అతని మాటే. అమ్మాయి ఒక్కతే అతనిలో మంచితనాన్ని కనిపెడుతుంది." ఈ సరుకు అక్కడ చాలా పాతది. రిచర్డ్‌సన్ 1747, 1748 సంవత్సరములలో "క్లారిస్సా"ను సంపుటములుగా వెలువరించుచున్నప్పుడు, లవ్‌లేసు అను దుర్మార్గుని సంస్కరించి పెండ్లి చేసి కథను సుఖాంతము చేయుమని పాఠకురాండ్రు ఆయనకు ఉత్తరములు వ్రాసినారు. ఆయన వినలేదు. తరువాత రెండువందల ఏండ్లు ఇతర రచయిత్రులు ఆ కోరికను తీర్చుచునే ఉన్నారు.

వారిలో జార్జెట్ హేయర్ ఉత్తమురాలని మా పిల్ల అభిప్రాయము. ఆమె 1932 నాటి "డెవిల్స్ కబ్" అను నవలను నాకు కథగా చెప్పినది. అందులో విడాల్ అను ప్రభుపుత్రుడు ఒక యువతిని లేవదీసికొని పోదలచినాడు. ఆమె అక్క చెల్లెలిని కాపాడుటకై తానే ఆ స్థానమున వెళ్ళి, ఫ్రాన్సు తీరమున అతడు మితిమీరినప్పుడు తుపాకితో కాల్చినది. అంతటితో అతనికి బుద్ధి వచ్చినది. కథ విని నాకు చాలా ఉత్సాహము కలిగినది గాని, ఒక తేడా వెంటనే కనబడినది. అక్కడి దుడుకు నాయకుడు ఎత్తుకొనిపోయేది పిల్లను. ఆ తరువాత అతనిని బాగుచేసే భారమంతయు ఆమెదే. మా గన్నారెడ్డి ఎత్తుకొనిపోయినది పెండ్లికొడుకును. అతనిని బాగుచేయవలసిన పని అన్నాంబికకు లేదు. ఇంటెడు చాకిరి చేసే మా పడసాలలోని ఆడవారికి ఇంకొక మనిషిని బాగుచేసే పని కథలో కూడ తప్పినదనుట చిన్న ఉపకారము కాదు. ఈ మాట చెప్పితే మా పిల్ల ఒప్పుకొనలేదు. బాగుచేయుటలోనే సరదా ఉన్నదట. వయసు అటువంటిది.

నిజమైన గన్నారెడ్డి ఒకడు ఉన్నాడని చాలమందికి తెలియదు. మన కర్ణాటకములోనే, రాయచూరు కోటగోడలో, నలుబది అడుగులకు పైబడిన పొడవుగల ఏకశిల ఒకటి ఉన్నది. దానిమీది శాసనము 1294 నాటిది. గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవోని, తుంబళము, మానువ మొదలగు దుర్గములను జయించి, రాయచూరులో ఈ కోటను కట్టించినట్లు అందు కలదు. ఇంగ్లీషువారి పాత గెజెటీరులో ఈ పేరును సరిగా చదువలేక "గోరె గంగయ రుద్దివారు" అని అచ్చువేసినారు. అంతటి రాయిని ఎనుబోతుల వరుస బండిమీద లాగుకొనివచ్చే దృశ్యమును కూడ గోడమీద చెక్కినారు. మంత్రాలయమునకు పోయివచ్చునప్పుడు నేను రాయచూరులో దిగి దానిని చూచినాను. శాసనము పుట్టునాటికి రుద్రమదేవి గతించి అయిదేండ్లు. అది ప్రతాపరుద్రుని ఏలుబడి. అప్పటికి గన్నారెడ్డి సామ్రాజ్యమునకు గొప్ప సామంతుడు. దొంగ అనిగాని, పెండ్లిపందిరి అనిగాని రాతిలో ఏమియు లేదు. ఆదవోనిని అతని సేనాని యుద్ధములో గెలిచినాడని మాత్రమే ఉన్నది. నవలలో ఆదవోని కూతురు అతనిని కోరి వరించినది. కోటను పట్టిన కథను కన్య మనసు గెలిచిన కథగా మార్చుటయే బాపిరాజుగారి చమత్కారమని, ఆ రాయి ముందు నిలిచినప్పుడు నాకు తోచినది.

మా అత్త 1998లో పోయినది. ఇటీవల మా తమ్ముని కూతురు విషయమున జరిగిన సంగతి ఒకటి ఆమె విని ఉండవలసినది. హోసకోటలో కల్యాణమండపమునకు అడ్వాన్సు ఇచ్చినారు, శుభలేఖలు అచ్చయినవి, ముహూర్తమునకు ఇరువదియారు దినములే ఉన్నవి. వరుడు యోగ్యుడు. చదువు, ఉద్యోగము, వినయము, ఏ దురలవాటును లేకుండుట, అన్నియు కుదిరినవి. ఒకనాడు మాటల సందర్భమున అతడు, పెండ్లి తరువాత పిల్ల ఉద్యోగము మానివేయుటకు తమ ఇంట్లో నిర్ణయమైపోయినదని, రేపు వాన వచ్చునని చెప్పినట్లు చెప్పినాడు. కోపముతో చెప్పలేదు, బలవంతముగా చెప్పలేదు. అడుగవలెనని తోచలేదు. పిల్ల మూడు దినములు ఎవరితోను మాటాడక, నాలుగవనాడు తల్లిదండ్రుల ముందు కూర్చుండి, నాకీ పెండ్లి వద్దు అన్నది. తమ్ముడు బ్రతిమాలినాడు, మరదలు అన్నము మానినది. నన్ను పిలిపించి బుద్ధి చెప్పుమన్నారు. "అబ్బాయిలో ఏమి లోపమే?" అని అందరును అడిగిన ప్రశ్ననే నేనును అడిగినాను. "ఏ లోపమూ లేదత్తా, అదే భయం" అన్నది. నేను ఇంక ఏమియు అడుగలేదు.

పెండ్లి ఆగినది. ఏ దొంగయు రాలేదు. అది తన నోటితో తానే ఆపుకొన్నది. అందుచేత నిందయంతయు దాని తలమీదనే పడినది. ఎవరో ఉన్నారనిరి. రాత్రి ఉద్యోగము చేసే పిల్ల అనిరి. మా బంధువుల ఇండ్లలో రెండు పేరంటములకు మరదలిని పిలువలేదు. ఒక సంవత్సరము పాటు ఆ పిల్లకు మా వాళ్ళలో గజదొంగకు ఉండవలసినంత పేరు ఉండినది. దాని ముఖములో దిగులు నేను చూడలేదని చెప్పలేను. చూచినాను. అయినను ఉదయము తొమ్మిదింటికి తలయెత్తుకొని మెట్రో స్టేషనుకు నడిచిపోయేది.

గన్నారెడ్డి దానికి 2015లో వచ్చిన "రుద్రమదేవి" చలనచిత్రము వలననే తెలియును. అతడు తెరమీదికి రాగానే జనము వేసిన ఈలలు జ్ఞాపకమట. ఆ సంవత్సరములోనే ఒక ఆదివారము మా ఇంటికి వచ్చి, అవ్వ చదివిన పుస్తకము ఉన్నదా అని అడిగినది. ఉన్నది, అట్ట మాత్రము నేను వేయించినాను. కన్నడ లిపి వచ్చిన వారికి మన అక్షరములు పట్టుబడుటకు ఎక్కువ కాలము పట్టదు. కకారము, శకారము, తలకట్లు కొంచెము ఏడిపించును, తక్కినవి పోలికతోనే వచ్చును. వ్రేలు పెట్టి చదువుకొంటూ, చిక్కినచోట నన్ను అడుగుతూ, పందిరి ఘట్టమును అది స్వయముగా చదివినది. మా అత్త నవ్విన చోట నవ్వుతుందేమోనని నేను చూచుచున్నాను. నవ్వలేదు. తల ఎత్తి, "పాపం, ఆ వరదారెడ్డిని ఎక్కడ పెట్టినారత్తా? అతనికి అన్నం పెట్టినారా?" అన్నది.

అన్ని అనపకాయల కాలములలోను ఆ పడసాలలో ఆ ప్రశ్నను ఒక్కరును వేయలేదు. "చదువు, ముందున్నది" అన్నాను.